రాక్షసి బొగ్గు



ఎవ్వరు చేసిరో, ఎన్నడు పుట్టెనో తెలియని వస్తువునకు రాక్షసి పేరు పెట్టుట మన తెలుగువారి పాత యలవాటు. ఊరి పొలిమేరలయందు, గుట్టల చరియలయందు నాలుగు రాతిపలకలు నిలిపి పైని నొక బండ కప్పిన కట్టడములను మీరు చూచియుందురు. ఇనుము వాడుక నేర్చిన కాలపు మానవులు తమవారిని పూడ్చిన సమాధులవి యని పురాతత్త్వజ్ఞులు చెప్పుదురు. మనవారు వానిని రాక్షసి గుళ్లనిరి. భూమిలో బయల్పడిన మహాసరీసృపములకు రాక్షసి బల్లులని పేరు వచ్చినది. అట్లే కట్టెను కాల్చి మనము చేసికొన్నది కట్టెబొగ్గు. భూగర్భమున సిద్ధముగా దొరకినది రాక్షసి బొగ్గు. ఈ పేరు పెట్టినవారు తెలియనివారని నవ్వరాదు. ఇది మా చేతి పని కాదు, మా తాతముత్తాతల నాటిదియు కాదు అని యొప్పుకొనుటయే యా పేరులోని భావము. ఆ బొగ్గు గోదావరి లోయలో ఎట్లు పుట్టినది, ఎట్లు బయల్పడినది, దానిని మనము ఎట్లు వెచ్చించితిమి అనునదియే నేటి నా ప్రసంగ విషయము.

నేను శాస్త్రజ్ఞుడను కాను. సంస్కృతాంధ్రములు చదివి, భాషాప్రవీణ పరీక్షయందు కృతార్థుడనై, ఆ లోయయందలి యొక బొగ్గు పట్టణమున ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాడను. నన్ను ఈ విచారణలోనికి దింపినది యొక రాయి. ఒక వానకాలపు ఉదయమున ఎనిమిదవ తరగతి బాలుడు అరచేతి వెడల్పు గల నల్లని పలకను సంచిలోనుండి తీసి నా బల్లపై నుంచెను. వాని తండ్రి బొగ్గుబాయిలో తట్టా చెమ్మాసుతో టబ్బులు నింపు పనివాడు. రాత్రి పని ముగించి వచ్చుచు తెచ్చెనట. ఆ పలకపై నొక ఆకు గలదు. నడుమ నొక లావైన యీనె, దానికి ఇరుప్రక్కల వల యల్లినట్లు సన్నని యీనెలు. “సారూ, రాయిలోపల ఆకు ఎట్ల వడ్డది?” అని వాడడిగెను. ఎవరో శిల్పి చెక్కియుండుననుకొని ఆ మాటయే చెప్పితిని. నేను తప్పు చెప్పితినని తెలిసికొనుటకు రెండు నెలలు పట్టినది.

ఆ యాకు పేరు గ్లాసోప్టెరిస్ అని మా పాఠశాల విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు చెప్పెను. నాలుకవంటి ఆకు గలదని యర్థమట. నేను పిల్లలకు జిహ్వాపర్ణి యని చెప్పెడివాడను. ఆ పేరు ఏ గ్రంథమునను లేదు, తప్పయినచో నాదే. సుమారు 27 కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ లోయ నిండ ఆ జాతి వృక్షములుండెను. ఆ యడవిలో మనమెరిగిన చెట్టొక్కటియు లేదు. టేకు లేదు, ఇప్ప లేదు, మర్రి లేదు. పూవు పూయు మొక్క అప్పటికి భూమిపై పుట్టలేదు. పక్షియు పుట్టలేదు. ఎండ, వాన, బురద, ఆకు, పురుగు, కప్పజాతి ప్రాణులు, ఇంతియే ప్రపంచము.

ఆకు చేయు పని రైతునకు నేను చెప్పనక్కరలేదు గాని, బొగ్గు సంగతి దానితోనే మొదలగును గావున చెప్పుచున్నాను. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, వేరు తెచ్చిన నీటితో కలిపి, సూర్యుని వెలుగు సాయమున పిండియు చెక్కయు చేసికొనును. ఆ చెక్కలో సూర్యుని వేడిమి దాగియుండును. కట్టె మండినప్పుడు వచ్చు వేడి ఏనాడో దానిపై బడిన యెండయే. సాధారణముగా చెట్టు పడిపోయినచో చెదలు తినును, క్రుళ్లును. దాచిన వేడిమి మెల్లగా గాలిలో కలసిపోవును. మన పెంటకుప్ప కొన్ని నెలలలో సగమునకు క్రుంగుట మీరు చూచుచున్నదే. కాని నీరు కదలక నిలిచిన బురదలో పడిన ఆకును, కొమ్మను ప్రాణవాయువు చేరదు. అవి పూర్తిగా క్రుళ్లవు. ఆకుమీద ఆకు, మాను మీద మాను పడి పొరలు పేరుకొనును. నదులు మారి యిసుకను, ఒండ్రును తెచ్చి ఆ పొరలపై కప్పును. బరువునకు నీరు పిండబడును, లోతున భూమి వేడికి తేమ పోవును, బొగ్గుపాలు హెచ్చును. అనేకాడుగుల ఆకుపొర అణగి అడుగు బొగ్గగును. లక్షల సంవత్సరముల యెండను నలిపి మడిచి పెట్టెలో పెట్టినట్లన్నమాట.

నాకు అన్నిటికంటె ఆశ్చర్యము కలిగించినది వేరొకటి గలదు. ఆ బొగ్గు పొరలకు అడుగున మంచు కాలపు గురుతులున్నవి. మండువేసవిలో రామగుండమున రాయి ముట్టుకొనిన చేయి కాలును. అచట మంచా యని మీరడుగవచ్చును. 1856లో బ్లాన్‌ఫర్డు సోదరులు ఒడిస్సాలోని తాల్చేరు వద్ద ఒక వింత పొరను చూచిరి. మెత్తని బంకమట్టిలో బండియంత బండలును, గుప్పెడంత గుండ్లును కలగాపులగముగా నుండెను. నదియైనచో రాళ్లను ఏరి పెట్టును. బరువైనవి ఎగువన, తేలికవి దిగువన విడుచును. ఏరక తెచ్చి ఒక్కచోట పారవేయునది మంచుగడ్డ ప్రవాహమే యని వారూహించిరి. తరువాత చంద్రపురము జిల్లాలో పెన్‌గంగ యొడ్డున, ఇరాయి వద్ద, ఆ పొర క్రింది బండ నునుపుదేలి గీతలు పడియుండుట కనుగొనిరి. మంచు తనలో నిరికిన రాళ్లతో నేలను రాచిన గీతలవి. తాల్చేరు పొరలు మన గోదావరి లోయలోను గలవు. మంచు కరగి, ఆ నీరు నిలిచిన పల్లములలోనే జిహ్వాపర్ణి యడవులు పెరిగినవి.

ఉష్ణదేశమున అంత మంచెట్లుండెను? అప్పుడిది ఉష్ణదేశము కాదు. భారతభూమి, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, దక్షిణ ధ్రువఖండము ఒకదానితో నొకటి అతుకుకొని దక్షిణ ధ్రువమునకు చేరువలో నొక్క మహాఖండముగా నుండెను. దానికి పండితలోకము పెట్టిన పేరు గోండ్వానా. మన దేశపు ఈ జాతి శిలలకు 1872లో మెడ్లికాట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు గోండుల రాజ్యము పేర ఆ నామమునుంచగా, 1885లో ఎడ్వర్డు స్యూస్ అను పండితుడు ఆ మహాఖండమునకే దానిని వర్తింపజేసెను. ఆదిలాబాదు, చంద్రపురము అడవులలోని గోండు పెద్దలెవరైన ఈ ప్రసంగము వినుచున్నచో వారికి మనవి: మీ కులము పేరు నేడు అమెరికాలో, ఆస్ట్రేలియాలో పిల్లలు వల్లించుచున్నారు. మీ పిల్లల పుస్తకములో ఆ సంగతి యున్నదో లేదో నేను చూడలేదు.

దీనికి సాక్ష్యమేమందురా? 1912లో దక్షిణ ధ్రువము చేరి తిరిగి వచ్చుచు కెప్టెన్ స్కాట్ అను ఆంగ్లేయుడును ఆయన తోడివారును ఆకలికిని చలికిని అసువులు బాసిరి. ఎనిమిది నెలల తరువాత గుడారములో వారి శవములు దొరకినవి. ప్రక్కనే సుమారు 16 కిలోల రాళ్లున్నవి. అడుగు తీసి అడుగు వేయలేని దశలో, తిండి లేక, వారు ఆ రాళ్లను విడువక లాగి తెచ్చిరి. ఆ రాళ్లలో నాలుకవంటి ఆకుల గురుతులు గలవు. అది గ్లాసోప్టెరిస్ యని సూవర్డు అను పండితుడు 1914లో ప్రకటించెను. మా పట్టణపు కార్మికుడు రాత్రి పనినుండి వచ్చుచు సంచిలో వేసికొని వచ్చిన ఆకును, ధ్రువమున ప్రాణములు విడిచినవాని బండిలోని ఆకును ఒకే యడవివి.

తరువాత ఆ మహాఖండము చీలెను. మన ముక్క ఉత్తరమునకు జరిగి, ఆసియాను తాకి, హిమాలయములను లేవనెత్తెను. నేటికిని ఏటికి సుమారు రెండంగుళములు, అనగా మన గోరు పెరుగునంత వేగమున, జరుగుచునే యున్నది. గోదావరి వెంట రెండు పగుళ్ల నడుమ నేల క్రుంగి పొడవైన తొట్టి యేర్పడినది. ఆ తొట్టిలో పడుటచేతనే మన బొగ్గు కొట్టుకొనిపోక మిగిలినది. ఆసిఫాబాదు, బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండము, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెము, ఇల్లందు, సత్తుపల్లి వరకు ఆ వరుస సాగి, అటుపై చింతలపూడి క్రిందికి దిగును. తొట్టికి వెలుపల, హైదరాబాదు వైపు, 250 కోట్ల సంవత్సరముల నాటి నల్లసేనపు రాయి గలదు. అది చెట్లు పుట్టకమునుపటి రాయి. అందు బొగ్గు వెదకుట కుందేటి కొమ్మును వెదకుటయే. బావి త్రవ్వగా నల్లరాయి పడినదని పరుగెత్తి వచ్చిన రైతులను నేను చూచితిని గావున చెప్పుచున్నాను. ఇక బొగ్గుకంటె చాల తరువాతివగు పొరలలో, యామన్‌పల్లి వద్ద, నేను మొదట చెప్పిన రాక్షసి బల్లి యెముకలు దొరకినవి. దానిని కోటసారస్ అందురు. దాని కంకాళము హైదరాబాదు బిర్లా ప్రదర్శనశాలలో గలదు.

ఇక మానవుల కథ. బొగ్గు బయల్పడిన విధమును గూర్చి ఆ ప్రాంతమున నొక వృత్తాంతము చెప్పుకొందురు. భద్రాచల యాత్రికులు ఇల్లందు దాపున విడిదిచేసి, అచటి నల్లరాళ్లను మూడింటిని పొయ్యిగా పేర్చి వంట చేయుచుండగా, పొయ్యి రాళ్లే అంటుకొని మండెనట. ఇది యెంతవరకు నిజమో గాని, ఇల్లందును బొగ్గుట్ట యని నేటికిని పిలుచుట నిజము. 1871లో భారత భూగర్భ పరిశోధక శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఆ చోటికి వచ్చి బొగ్గును గుర్తించెను. అప్పటికి నిజాము మహబూబ్ అలీఖాన్ అయిదేండ్ల బాలుడు. దివాను మొదటి సాలార్‌జంగు. కింగ్ దొర 1881లో ప్రాణహిత గోదావరి లోయ శిలలను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆ గనులలోని ప్రధానమైన పొరకు కింగ్ సీము అని ఆయన పేరే పెట్టిరి; ఆంగ్లమున కింగ్ అనగా రాజు గావున వేరొక పొరను క్వీన్ సీము, అనగా రాణి పొర, అనిరి. రాజు దొరకిన తరువాత రాణి రాకుండునా! దగ్గరనున్న సింగరేణి యను చిన్న గ్రామము పేరు మొత్తము గనులకు చెల్లినది. కారేపల్లి ప్రక్కనున్న ఆ ఊరిపేరు నేడు వందల మైళ్ల దూరమునందలి బొగ్గునకును చెల్లుచున్నది.

1886లో జరిగిన పని మాత్రము చెప్పుటకు సిగ్గగును. నిజాము రాజ్యమందలి ఖనిజములను త్రవ్వుకొను హక్కు 99 సంవత్సరములకు వాట్సను, స్టూవర్టు అను ఇద్దరు ఆంగ్లేయులకు ఇయ్యబడినది. వారు లండనులో పది లక్షల పౌన్ల మూలధనము పేర హైదరాబాదు డెక్కను కంపెనీని స్థాపించిరి. వాటాలలో నధికభాగమును సొమ్ము చెల్లింపకయే తమవారి పేర వ్రాసికొనిరి. తరువాత లండను బజారులో ధర పెంచిరి. పెరిగిన ధరకు ఆ వాటాలను కొన్నవారిలో నిజాము ప్రభుత్వము కూడ నొకటి! ప్రభుత్వము పక్షమున ఈ వ్యవహారము నడపిన సర్దార్ దిలేర్ జంగు అను అబ్దుల్ హక్కు తానే లోపాయికారిగా లాభము పొందెనని బయల్పడెను. 1888లో ఆంగ్లేయ పార్లమెంటు విచారణ సంఘమును నియమించెను. సర్దారుని ఉద్యోగము పోయెను. కంపెనీ మాత్రము నిలిచినది. మన నేలలోని బొగ్గును మనమే, మన ధనముతో, ఇతరులయొద్ద కొనుక్కొన్న కథ యిది. తొట్టతొలి బొగ్గు వెలుపలికి రాకమునుపే దాని పేర లక్షలు చేతులు మారినవి.

బొగ్గునకు బండి కావలెను. ఇనుప దారి వరంగల్లు మీదుగా సాగి 1889లో బెజవాడ చేరినది. డోర్నకల్లు నుండి సింగరేణి గనులకు శాఖ వేసిరి. ఇల్లందులో త్రవ్వుట ఆ సంవత్సరముననే ఆరంభమయ్యెను. అంతకుముందు మన దేశమున పెద్ద కొలిమికి సైతము కట్టెబొగ్గే గతి. దూరదేశములకు ఎగుమతియైన కోనసముద్రపు ఉక్కు అడవిని కాల్చి చేసినదే. రాక్షసి బొగ్గు వచ్చిన తరువాత రైలింజన్లకు, మిల్లులకు అడవి నరుకుట తగ్గినదనవలెను. ఇంతవరకు దానికి కృతజ్ఞులమై యుండుట న్యాయము. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడి పూర్వపు కంపెనీ యాస్తిని గైకొన్నది. 1945లో నిజాము ప్రభుత్వము అధిక వాటాలను కొన్నది. బెంగాలు, బిహారుల గనులు జాతీయమగుటకు 1970ల వరకు వేచియుండవలసి వచ్చినది. మనవి పాతికేండ్ల ముందే ప్రభుత్వమువి. 1960 నుండి కేంద్రము కూడ భాగస్వామి. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వాటాలు గలవు.

ఈ తేదీలు సులభముగా చెప్పవచ్చును. బాయిలోనికి దిగుట సులభము కాదు. నేనొకసారి మాత్రము, అనుమతి పొంది, దిగితిని. దీపము టోపీకి కట్టిరి. కొంత దూరము నడచిన పిదప ముందున్నవాడు పైకప్పును కఱ్ఱతో తట్టి వినెను. ఘంటవలె మ్రోగిన మంచిది. డొల్లగా పలికిన వెనుకకు జరుగవలెను. మా విద్యార్థుల తండ్రులు ప్రతి దినమును ఆ చప్పుడు వినియే బ్రదికినవారు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో నొక గనిలోనికి పాత గని నీరు విరుచుకొనిపడి 17 మంది మరణించిరి. ఆ వారమంతయు మా తరగతిలో పాఠము జరుగలేదు. పిల్లలు వచ్చిరి, కూర్చుండిరి, వెళ్లిరి.

అటుపై పద్ధతి మారినది. 1990 ప్రాంతమున లక్షకు పైగానున్న కార్మికులు నేడు నలుబది వేల ప్రాంతమునకు దిగిరి. ఉత్పత్తి మాత్రము పెరిగి 2023-24లో సుమారు 7 కోట్ల టన్నులకు చేరినది. ఇందలి రహస్యము ఉపరితల గని. లోనికి దిగుటకు మారు పైనున్నదంతయు ఎత్తివేసి బొగ్గును పగటి వెలుతురులో తీయుదురు. పైకప్పు కూలు భయము లేదు. మనుష్యప్రాణమునకు అది మేలే. కాని టన్ను బొగ్గునకు సుమారు ఆరు ఘనమీటర్ల మట్టియు రాయియు తొలగింపవలెను. ఆ తొలగించినదానికి గనివారి భాషలో నొక పేరు గలదు. ఆ పేరు నేను మొదట విన్నది ఒక గ్రామసభలో.

అది ఈ లోయలోని ఊరు కాదు. వేరొక బొగ్గు సీమలో మా మేనత్తగారి ఊరు. గని యెవరిదో, మాటాడిన యధికారి యెవరో చెప్పుట నా యుద్దేశము కాదు. 1997 నుండి ఇట్టి పనులకు ముందు ప్రజాభిప్రాయము వినవలెనను నిబంధన గలదు గావున పందిరి వేసిరి, పటము వ్రేలాడదీసిరి. అధికారి పటముపై బెత్తము పెట్టి, ఇచట ఓవర్‌బర్డెన్ ఇంత, ఇచట ఇంత యని చెప్పుచుండెను. ముందు వరుసలోని పెద్దలు నావంక చూచిరి. పంతులుగదా, అర్థము చెప్పుమని. నేను చెప్పితిని: “పైబరువు.” బొగ్గు దృష్టితో చూచిన, దానిపైనున్నదంతయు పైబరువే. వరిమడి పైబరువు, చింతతోపు పైబరువు, బావి పైబరువు, ఊరి నడుమ బొడ్డురాయి పైబరువు. మా మామగారు లేచి ఒక్క ప్రశ్న యడిగెను. “అంత లోతు తవ్వితే, చుట్టుపట్ల ఊర్ల బాయిల నీళ్లు ఎటు పోతయి?” పల్లమునకు పోవునని ఆయనకు తెలియును. గొయ్యి బావికంటె లోతైనచో ఊట దిక్కు మారును. నీటిని తోడి వెలుపలికి పంపినంతకాలము ఆ దిక్కు మారియే యుండును. ఆ ప్రశ్నకు ఆనాడు బదులు రాలేదు, వ్రాసికొంటిమనిరి.

పరిహారము ముట్టినది, క్రొత్త కాలనీలో ఇండ్లు వచ్చినవి, అబద్ధమాడరాదు. క్రొత్త బొడ్డురాయి ప్రతిష్ఠయు జరిగినది. ప్రతిష్ఠించిన రాతిని కదల్పరాదని పెద్దలు పట్టుపట్టుటచే పాతది అచటనే యుండిపోయి, ఎత్తిపోసిన మట్టిగుట్ట క్రిందికి పోయినది. మా మేనత్త అటుపై ఆరేండ్లు జీవించెను. కాలనీలో తూర్పేదియో తనకు తెలియుట లేదని తరచు అనెడిది.

బొగ్గు మనకు వలదని చెప్పుటకు నాకు నోరు రాదు. నా పొలమున ఐదు అశ్వశక్తుల మోటారు గలదు. అది గంట నడచిన సుమారు నాలుగు యూనిట్ల విద్యుత్తు తీసికొనును. ఆ విద్యుత్తు బొగ్గుతో పుట్టినదైనచో, దానికి రెండున్నర మూడు కిలోల బొగ్గు కాలవలెను. ఏడు గంటలు తడిపిన ఇరువది కిలోలు. అనగా నేను మడికి నీరు పెట్టిన ప్రతి దినమును అరబస్తా జిహ్వాపర్ణిని తగులబెట్టుచున్నాను. మన బొగ్గులో గంధకము తక్కువ, అది మంచి గుణము. బూడిద మాత్రము మూడవ వంతునకు మించును, ఏలయన ఆనాటి వరదలు ఆకుతోబాటు ఒండ్రును కలిపి తెచ్చినవి. 27 కోట్ల యేండ్ల క్రిందటి వరద మట్టి నేడు బూడిద చెరువై కేంద్రముల ప్రక్క నిలిచియున్నది. పొగతో పోవు బొగ్గుపులుసు వాయువు ఆనాడు ఆకులు గాలినుండి తీసికొన్నదే. తీసికొనుటకు పట్టినది లక్షల యేండ్లు, తిరిగి యిచ్చుట రెండు మూడు వందల యేండ్లలో. ప్రపంచమంతటను బొగ్గు, చమురు మండుటచే గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా నుండిన ఆ వాయువు ఇప్పుడు 420 దాటినది. వానలు వేళ తప్పుటకు, వేసవులు ముదురుటకు దీనితో సంబంధము గలదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

మూడు వందల యేండ్లకు సరిపడు బొగ్గున్నదను మాట మీరు వినియుందురు. లోయలో లెక్కకు వచ్చిన నిలువ 2,200 కోట్ల టన్నులకు పైగా గలదు. ఏటికి ఏడు కోట్లచే భాగించిన మూడు వందలు దాటును. భాగహారము సరియే, కాని ఇది గాదెలోని ధాన్యమువంటి లెక్క కాదు. అందు చాల భాగము మిక్కిలి లోతునను, పగుళ్ల నడుమను గలదు. కొంత ఊళ్ల క్రింద, అడవుల క్రింద, నది క్రింద గలదు. తీయగలిగినది వేరు, ఉన్నది వేరు. ఇల్లందులో తొలినాటి బావులు ఎన్నడో మూతపడినవి. వాని చెంత పెరిగిన బజారులలో నేను తిరిగితిని.

ఇటీవలి రెండు సంగతులు చెప్పి విరమించెదను. 2022లో రామగుండము జలాశయముపై నూరు మెగావాట్ల సౌరఫలకములను నీటిమీద తేలవేసిరి. ఎండను అడవి మింగి, బురద దాచి, రాయి నొక్కి, మనిషి త్రవ్వి, బట్టీలో కాల్చవలసిన పని లేక, పడిన యెండను పడినట్లే విద్యుత్తుగా మార్చు ఉపాయమది. రాత్రివేళ అది పనిచేయదు గావున ప్రక్కనే పాత పొగగొట్టములు ఇంకను పొగ విడుచుచునే యున్నవి. 2024 ఆగస్టులో కొత్తగూడెము పాత విద్యుత్కేంద్రపు ఎనిమిది శీతల గోపురములను మందుగుండు పెట్టి కూల్చిరి. అర్ధశతాబ్దికి మించి ఆ ప్రాంతమున దారి గురుతులుగా నిలిచినవి అవి. కూలుటకు కొన్ని సెకండ్లే పట్టినది. చూడవచ్చినవారిలో వానిని కట్టిననాడు ఇసుక మోసిన ముదుసలులుండిరని నా పూర్వవిద్యార్థి యొకడు వ్రాసెను.

నేను ఉద్యోగము విరమించిన దినమున ఆ నల్లరాయిని పాఠశాలకే యిచ్చివేసితిని. గాజు బీరువాలో పెట్టి చీటీ అంటించితిమి: గ్లాసోప్టెరిస్ ఆకు, సుమారు 27 కోట్ల సంవత్సరములు, తెచ్చినది ఎనిమిదవ తరగతి విద్యార్థి. కడచిన సంవత్సరము ఏదో పనిపై అటు వెళ్లినప్పుడు ఆరవ తరగతి బాలిక యొకతె బీరువా ముందు నిలిచి, గాజుపై వ్రేలుపెట్టి ఈనెలు లెక్కపెట్టుచుండెను. నేనెవరో ఆమెకు తెలియదు. “తాతా, ఇది మళ్ల మొలుస్తదా?” అని యడిగెను. ఈసారి శిల్పి చెక్కినదని చెప్పలేదు. మొలవదమ్మా యని చెప్పి, ఇది పుట్టకమునుపు ఈ ఊరిలో మంచు ఎంత యుండెనో మొదలుపెట్టి చెప్పితిని. గంట కొట్టిరి, ఆమె తరగతికి పరుగెత్తినది.